నిరసన వెనుక నోటుపుస్తకం

కొత్తవలస జంక్షన్‌లో హౌరా–చెన్నై ప్రధాన మార్గం నుంచి విడిపోయిన రైలుమార్గం లక్కవరపుకోట, శృంగవరపుకోట, బొడ్డవర దాటి అనంతగిరి కొండలెక్కుతుంది. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి ఓడల్లో జపాన్‌కు చేర్చడానికి 1960లలో వేసిన మార్గమది. కిరండూల్ దాకా దాదాపు 450 కిలోమీటర్ల దారి. కొండల్ని తొలిచి 58 సొరంగాలు తవ్వారు, లోయల మీద వంతెనలు నిలబెట్టారు. ఖనిజానికి అరవై ఏళ్ల కిందటే దారి దొరికింది. అవే కొండల మీద, ఎస్.కోట మండలం దారపర్తి పంచాయతీలోని గిరిశిఖర గ్రామాల్లో, పురిటినొప్పులొచ్చిన తల్లిని డోలీలో కిందికి మోసుకొచ్చిన వార్తలు మొన్న మొన్నటి దాకా చదువుతూనే ఉన్నాం.

డోలీ మోత చూడనివారికి అందులోని కష్టం అంత సులువుగా అందదు. బలమైన కర్రకు దుప్పటి రెండు కొసలూ ముడేసి, అందులో మనిషిని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజానికెత్తుకుంటారు. దిగుడు దారిలో బరువంతా ముందున్నవాడి మీద పడుతుంది. భుజం మార్చుకోవడానికి మరో ఇద్దరు ముగ్గురు పక్కనే నడుస్తారు. వానాకాలమైతే గెడ్డలు దాటాలి. కింద తారురోడ్డు మీద 108 బండి ఆగే చోటు వచ్చేదాకా లోపలి మనిషి నొప్పులకూ బయటి మనుషుల అడుగులకూ మధ్య పోటీ నడుస్తుంది.

విజయనగరం, అనకాపల్లి, అల్లూరి జిల్లాల కొండ గ్రామాలవాళ్లు ఇటీవలి సంవత్సరాల్లో ఇదే డోలీని నిరసన రూపంగా మార్చుకున్నారు. రోడ్డు కావాలంటూ ఖాళీ డోలీలు భుజానికెత్తుకొని యాత్రలు చేశారు. ఈ నిరసనకు ఎవరూ వేషం కట్టలేదు, కొత్తగా ఏదీ కల్పించలేదు. రోజూ తాము మోసే దాన్నే, అది నలుగురి కంటా పడే చోట మోశారు. అందుకే చూసినవాళ్లు తల తిప్పుకోలేకపోయారు.

మన ప్రాంతంలో శాంతియుత నిరసనకు రూపాలు కొదవ లేవు. వంటా వార్పు, మానవహారం, రిలే దీక్ష, కాగడాల ప్రదర్శన, భిక్షాటన, జలదీక్ష, కళ్లకు గంతలు, చెవిలో పూలు, మోకాళ్లపై నడక, దున్నపోతుకు వినతిపత్రం. ఏ జిల్లా పేజీ తిప్పినా వీటిలో ఒకటి కనబడుతుంది. అన్నిటికీ ఒకే బలం లేదన్నది నా అభిప్రాయం. కొన్ని రూపాలు సమస్యలోంచే పుడతాయి. గుంతలు పడ్డ రోడ్డులో నాట్లు వేయడం అలాంటిది. తొలకరి వానకు గుంతలో నీళ్లు నిలుస్తాయి. ఊరి ఆడవాళ్లు నారుకట్ట తెచ్చి, కుచ్చిళ్లు దోపుకొని, చేలో నాటినట్టే వరసగా నాటుతారు. అటుగా వెళ్లే ఆటోవాలా మడి పక్కనుంచి పోతున్నట్టు బండిని ఓరగా తిప్పుకొని పోతాడు. రోడ్డు సంగతి ఏమిటో వివరించడానికి ఇక ప్రసంగం అక్కర్లేదు. దున్నపోతుకు వినతిపత్రం ఇవ్వడంలో ఆ బలం లేదు. అది ఏ సమస్యకైనా అతుకుతుంది గనుక ఏ సమస్యనూ గుర్తుండనివ్వదు. మర్నాడు ఫొటో ఒక్కటే మిగులుతుంది.

అయితే సమస్యలోంచి పుట్టిన రూపం కూడా ఒంటరిగా గెలవలేదు. ఉత్తరాంధ్ర చరిత్రను వెనక్కి తిరిగి చూస్తే, నిలబడిన ప్రతి నిరసన వెనకా ఓపికగా రాసి పెట్టుకున్న లెక్క ఒకటి కనిపిస్తుంది. జనం గుర్తు పెట్టుకునేది రూపాన్నే. పాలకులు తప్పించుకోలేనిది మాత్రం ఆ లెక్క దగ్గర.

విజయనగరంలోనే మొదలు పెట్టవచ్చు. 1892 ఆగస్టు 13న జగన్నాథ విలాసినీ సభ వారు ఇక్కడ ‘కన్యాశుల్కం’ తొలిసారి ప్రదర్శించారు. పసిపిల్లల్ని డబ్బు పుచ్చుకొని ముసలివాళ్లకు కట్టబెట్టే ఆచారాన్ని ఆ ఆచారం పాటించే జనం ముందే, వాళ్లు మాట్లాడుకునే భాషలోనే రంగస్థలం మీద నిలబెట్టారు. నాటకం గురించి చాలా రాశారు, చాలా చెప్పుకున్నాం. 1897లో అచ్చయిన తొలి కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠికను మాత్రం తక్కువ మంది చదువుతారు. ఆనందగజపతి మహారాజు అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితా తయారు చేయించారని అందులో ఉంది. మొత్తం 1,034 పెళ్లిళ్లు. వాటిలో అయిదేళ్ల ఆడపిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది నిండిన పసికందులు ముగ్గురు. ఈ జాబితా కూడా అసంపూర్ణమేనని గురజాడే రాశారు. నాటకం చూసి నవ్వుకొని ఇంటికి పోదామనుకున్నవాడికి ఆ అంకెలు అడ్డం పడతాయి. వెంకటేశం, గిరీశం, బుచ్చమ్మ కల్పిత పాత్రలు కావచ్చు, ఆ ముగ్గురు పసికందులు కల్పితం కారు. సంఘ సంస్కరణకు గురజాడ నాటకాన్ని వాడుకున్నారని అంటాం గానీ, ఆ నాటకం కింద ఇంటింటి లెక్క ఒకటి పరిచి ఉందని మరచిపోతాం.

మరో నాలుగు దశాబ్దాలకు ఇదే నేల మీద రైతులు నడిచారు. 1937–38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దిశగా సాగిన రైతుల పాదయాత్రకు దేశ కిసాన్ ఉద్యమ చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. రెండు వేల మందికి పైగా రైతులు తొమ్మిది జిల్లాల మీదుగా 1,500 మైళ్లు నడిచారు. నడిచిన రోజులు 130. దారి పొడవునా వందల సభలు జరిగాయి, లక్షల మంది వచ్చారు. దండి యాత్ర 24 రోజులు సాగిందని మనకు బడిలో చెప్పారు. దాని కంటే ఎన్నో రెట్లు ఎక్కువ రోజులు నడిచిన ఈ రైతుల గురించి మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఎంత ఉందో చూసుకుంటే బాధ కలుగుతుంది. ఇక్కడ గమనించాల్సింది దూరం ఒక్కటే అనుకోకూడదు. ఆ రైతులు ఊరూరా ఆగి 1,100కు పైగా అర్జీలు పోగు చేశారు. 1938 మార్చి 27న వాటిని మద్రాసులో శాసనసభకు అందజేశారు. ఏ జమీందారీలో ఏ పన్ను, ఏ ఊళ్లో ఏ వెట్టి, ఎవరి భూమి ఎవరు లాక్కున్నారు అన్న వివరాలు కాళ్ల మీద నడిచి రాజధాని చేరాయి. ఆ రోజుల్లోనే టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన జమీందారీ ఎస్టేట్ల మీద విచారణ సంఘం పని చేస్తోంది. 1938లోనే నివేదిక కూడా ఇచ్చింది. 1939లో మంత్రివర్గం రాజీనామా చేయడంతో అప్పటికి చట్టం రాలేదు గానీ, 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చినప్పుడు దాని వెనక పదేళ్ల సాక్ష్యం సిద్ధంగా ఉంది.

యాత్ర మొదలైన ప్రాంతంలోనే, మందస జమీందారీలో, 1940లో జరిగింది వేరే కథ. పలాసలో అఖిల భారత కిసాన్ మహాసభ జరిగిన కొద్ది రోజులకే గుడారి రాజమణిపురం రైతులు తమ హక్కుగా భావించిన అడవి నుంచి బాహాటంగా కర్ర తెచ్చుకున్నారు. పోలీసులు అరెస్టులకు దిగారు. అడ్డు నిలిచిన మహిళల ముందు సాసుమాను గున్నమ్మ ఉంది. 1940 ఏప్రిల్ 1న కాల్పుల్లో ఆమె చనిపోయింది. దాచుకోకుండా పట్టపగలు చేసిన పని అది. దొంగతనం చాటున జరుగుతుంది, సత్యాగ్రహం నలుగురు చూస్తుండగా జరుగుతుంది. మందస రైతులకు ఈ తేడా ఎవరూ పాఠం చెప్పనక్కర్లేకపోయింది.

శ్రీకాకుళం గిరిజనోద్యమం గురించి మాట్లాడేటప్పుడు తుపాకీ దగ్గరే మొదలుపెట్టడం అలవాటైపోయింది. అంతకు ముందు బడిపంతుళ్లు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం లాంటివారు గిరిజన సంఘం పెట్టి కూలి పెంపు కోసం, వెట్టి రద్దు కోసం, షావుకార్ల అప్పుల లెక్కల మీద ఏళ్ల తరబడి పని చేశారు. షావుకారు పద్దుకు గిరిజనుడు తన పద్దుతో జవాబు చెప్పడం ఆ ఉద్యమంలో తొలి మలుపు. సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను ఊళ్లలోకి తీసుకెళ్లింది ఆ నేపథ్యంలోనే. గ్రామదేవతల సంబరాల్లో వినిపించే వాద్యం జముకు. ఒక వైపు తోలు మూసిన గుండ్రటి పాత్ర, మధ్యలో తీగ, దాన్ని లాగి మీటితే వచ్చే ఆ లోతైన మోత ఉత్తరాంధ్రలో పుట్టిన ఎవరికైనా పసితనం నుంచి తెలుసు. తెలిసిన మోతలోంచి కొత్త మాట వినిపిస్తే జనం ఆగి వింటారు. పార్వతీపురం ప్రాంతం పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు ఇదే నమ్మి, 2020లో కన్నుమూసేదాకా జానపద బాణీలనే నమ్ముకున్నారు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయారు. ఆ తర్వాత ఉద్యమం ఆయుధం పట్టింది, రాజ్యం అంతకు మించిన ఆయుధంతో అణచింది. సంఘం సంపాదించుకున్న తొలి విజయాలు ఆ నెత్తురులో కనిపించకుండా పోయాయి. పరిశోధకులు ఎరికా చెనోవెత్, మారియా స్టీఫన్ 1900 నుంచి 2006 వరకు ప్రపంచంలో సాగిన 323 ఉద్యమాలను పరిశీలించి, అహింసాయుత ఉద్యమాల్లో 53 శాతం, సాయుధ ఉద్యమాల్లో 26 శాతం గెలిచాయని తేల్చారు. ఆ సగటు ఎంతవరకు ఎక్కడ వర్తిస్తుందో వాదించుకోవచ్చు. శ్రీకాకుళం కొండల్లో మాత్రం కూలి పెరిగింది సంఘం ఉన్న రోజుల్లోనే.

ఇక సోంపేట. బీల అని అక్కడివాళ్లు పిలుచుకునే చిత్తడి నేలలో 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం కట్టాలని ప్రతిపాదన వచ్చింది. సర్కారు కాగితాల్లో అది పనికిరాని నేల. అక్కడి రైతుకూ బెస్తవాళ్లకూ అది నీరు, చేప, పశువుల మేత. 2009 డిసెంబరులో రిలే దీక్షా శిబిరం మొదలైంది. రిలే దీక్ష అంటే చాలామందికి చిన్నచూపు. ఒక పూట కూర్చుని లేచిపోయే దీక్ష ఏం దీక్ష అంటారు. ఆ మాటతో నేను ఏకీభవించను. ఆమరణ దీక్ష ఒక మనిషి ప్రాణం మీద నడుస్తుంది. రిలే దీక్షలో ఊళ్లు వంతులు వేసుకుంటాయి. ఈ రోజు ఏ ఊరు, రేపు ఏ ఊరు, ఎవరు వస్తారు అని రాసుకునే పట్టిక వల్లనే ఉద్యమం ఎవరి చేతుల్లోంచి జారిపోకుండా ఏళ్ల తరబడి నిలుస్తుంది. సోంపేటలో అలాగే నిలిచింది.

శిబిరానికి తోడు కాగితం పని కూడా నడిచింది. పర్యావరణ పరిరక్షణ సంఘం వాళ్లు, విశ్రాంత ఐఏఎస్ అధికారి ఇ.ఎ.ఎస్. శర్మ వంటివారు ఆ నేల చిత్తడి నేలేనని సాక్ష్యాలతో వాదించారు. జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఆ తేదీ 2010 జులై 14. అదే రోజు బీలలో పోలీసు కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. శాంతియుతంగా, చట్టబద్ధంగా నడిచిన వాదన ఢిల్లీలో నెగ్గిన రోజునే ఇక్కడ తూటాలు పేలాయి. ఈ రెండు సంగతులూ ఒకే తేదీన ఉండడాన్ని మన పాలనా యంత్రాంగం ఇప్పటికీ సిగ్గుపడి తలచుకోవాలి.

నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం కూడా ఇదే మాట చెబుతుంది. దానికి నిప్పు రాజేసింది అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న సీతమ్మ కథ అనే పాఠం. అక్షరం నేర్చిన ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించారు, వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. తాగుబోతు భర్తను తిట్టి ఊరుకుంటే ఆ నిషేధం వచ్చేది కాదు. ప్రభుత్వానికి డబ్బు ఎక్కడ పుడుతుందో కనిపెట్టి, వేలం పాట దగ్గరికే వెళ్లి నిలబడ్డారు వాళ్లు.

నిరసన రూపాలు ఎవరి సొంతమూ కావు. తెలంగాణ ఉద్యమంలో రోడ్డు మీద పొయ్యి పెట్టి వండిన వంటా వార్పునే 2013లో సమైక్యాంధ్ర ఉద్యమం ఇటువైపు రోడ్ల మీద వండింది. అందులో తప్పేమీ లేదు. కాకపోతే అరువు తెచ్చుకున్న రూపం త్వరగా అరిగిపోతుంది. అర్జెంటీనాలో 1977 నుంచి తల్లులు తలకు తెల్లటి గుడ్డ కట్టుకొని మాయమైన తమ పిల్లల కోసం అధ్యక్ష భవనం ముందున్న కూడలిలో ప్రతి గురువారం తిరిగారు. వాళ్ల దగ్గరా పిల్లల పేర్లున్నాయి, మాయమైన తేదీలున్నాయి. గుడ్డను అనుకరించడం ఎవరికైనా సులువే. ఆ పేర్ల పట్టిక తయారు చేయడం కష్టం.

ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఒంటిని హింసించుకునే రూపాలు ఈ మధ్య బాగా పెరిగాయి. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులపాటు అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు రాష్ట్రవ్యాప్తంగా సమ్మె చేశారు. ఎస్మా ప్రయోగించినా వెనక్కి తగ్గలేదు. ఆ శిబిరాల్లో రోజుకో రూపం కనిపించింది. సమ్మెకు బలం ఇచ్చింది దాదాపు లక్ష మంది ఆడవాళ్లు ఒక్క మాట మీద నిలవడం, ఊరూరా కేంద్రాలకు తాళం పడడం. అయినా పత్రికల్లో, టీవీల్లో చోటు కావాలంటే ఎండలో మోకాళ్ల మీద నడవాలి, గడ్డి నోట కరవాలి అనే పరిస్థితికి మన ఉద్యోగ, కార్మిక ఉద్యమాలను నెట్టింది ఎవరు? ఊరి బిడ్డలకు అన్నం పెట్టే మనిషి గడ్డి నోట కరిచిన ఫొటో మొదటి పేజీలో వచ్చినందుకు సంతోషించే పని లేదు. ఈ బాధ్యతలో పత్రికల వాటా పెద్దది. జిల్లా పేజీకి ఫొటో కావాలి, ఫొటోకు కొత్తదనం కావాలి. రోడ్డు లేని ఊళ్ల పట్టికను అచ్చు వేయడానికి మాత్రం చోటు దొరకదు. ఈ ధోరణి మారకపోతే నిరసన చేసేవాళ్లు రేపు ఇంకా తమను తాము తగ్గించుకోవాల్సి వస్తుంది.

నిరసనకు చోటు కూడా కుదించుకుపోతోంది. 2023 జనవరి 2న రాష్ట్ర ప్రభుత్వం రోడ్ల మీద సభలు, ర్యాలీలను నియంత్రిస్తూ జీవో నం. 1 తెచ్చింది. కందుకూరు తొక్కిసలాట మృతులను కారణంగా చూపింది. మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది. పౌరులు ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు రాజ్యాంగంలోని 19వ అధికరణలో స్పష్టంగానే ఉంది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా మండల స్థాయిలో మాత్రం పోలీసు చట్టం 30వ సెక్షన్ పేరుతో టెంటు వేయనివ్వకపోవడం మామూలైపోయింది. కొండ ఊరివాళ్లు డోలీ మోసుకొని కిందికి వస్తే నిలబడడానికి మండల కార్యాలయం ముందు నీడ పట్టు కూడా ఉండదు.

2020లో సాలూరు మండలం కొదమ, చింతామల గిరిజనులు అడగడం మానేసి తామే చందాలు వేసుకొని కొండ మీద దారి తవ్వుకున్నారు. దేశమంతా మెచ్చుకుంది. నాకూ ఆ సాహసం మీద గౌరవం ఉంది. అంతకంటే పదునైన నిరసన ఉండదు కూడా. అయితే మెచ్చుకోలుతో ప్రభుత్వం బాధ్యత తీరిపోయిందనుకుంటే అది ప్రమాదం. వాళ్లు పోగు చేసిన ప్రతి రూపాయీ ప్రభుత్వం వాళ్లకు బాకీ పడ్డ రూపాయే. ఆ ఖర్చు పద్దు ఊరి పెద్దల దగ్గర భద్రంగా ఉండాలి.

కొత్తవలస నుంచి పైకి పోయే రైలుమార్గం విషయంలోనూ ఇదే అవసరం. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం వాల్తేరు డివిజన్‌ను విడదీస్తూ కొత్తవలస–బచేలి మార్గాన్ని ఒడిశాలోని రాయగడ డివిజన్‌కు ఇచ్చింది. ఎస్.కోట, బొడ్డవర ప్రయాణికుడి అర్జీ ఇక పక్క రాష్ట్రానికి వెళ్లాలి. కొండ దారి గురించి కలెక్టరేట్‌లో, రైలు గురించి రాయగడలో, రెండు చోట్లా ఒకేసారి అడగాల్సిన జనం వీళ్లు.

అందుకని గిరిజన సంఘాలకు, వారితో నడిచే యువతకు ఒక మాట. డోలీ యాత్ర చేయండి, గుంతల్లో నాట్లు వేయండి, జముకు మోగించండి. దానికి ముందు ప్రతి గిరిశిఖర గ్రామంలో ఒక నోటుపుస్తకం పెట్టండి. డోలీ ఎత్తిన ప్రతిసారీ తేదీ, బయల్దేరిన వేళ, 108 ఆగిన చోటు, అక్కడికి చేరిన వేళ, ఆసుపత్రిలో ఏమైంది అన్న అయిదు సంగతులు రాయించండి. రోగి పేరు అక్కర్లేదు. ఏడాది తిరిగేసరికి ఏ ఊరికి ముందు రోడ్డు వేయాలో ఆ పుస్తకమే చెబుతుంది. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీతో పాటు దాని నకలు ఇచ్చి రసీదు తీసుకోండి. జిల్లా యంత్రాంగం రోడ్డు లేని ఆవాసాల జాబితాను మంజూరైన నిధులతో, పని మొదలైన తేదీలతో సహా ప్రతి మండల కార్యాలయం గోడ మీదా అతికించాలి. డోలీ ఫొటో వేసే విలేకరులు దాని కింద ఊరి పేరుతో పాటు అర్జీ రసీదు నంబరు కూడా అచ్చు వేయాలి, ఆరు నెలలకు అదే నంబరుతో మళ్లీ వెళ్లి అడగాలి.